పళ్లెంల గెలిచిన మందు ఒంట్ల గెలవాలె

ఈసారి ముచ్చట జర బరువైనది. పని సర్దుకొని కూసోండ్రి. మూత్రం సంచి అంటమే, ఆ మూత్రాశయానికి వచ్చే క్యాన్సర్ గురించి మాట్లాడుకుందాం. దానికి వాడే కీమో మందులను ల్యాబుల ఎట్ల పరీక్షిస్తరో, ఆ పరీక్ష మనకు ఏం చెప్తదో, ఏం చెప్పదో చూద్దాం.

ల్యాబు సంగతి మనకెందుకు అని మీరు అడగొచ్చు. ఇంట్ల ఎవరికన్న ఈ జబ్బు అని తేలంగనే ఫోన్లకు వచ్చే వార్తలన్నీ ల్యాబు పేరు చెప్పుకొనే వస్తయి. "ఫలానా ఆకు రసం రెండు రోజులల్ల క్యాన్సర్ కణాలను చంపింది, సైంటిస్టులే తేల్చిన్రు" అని ఉంటది. చాలాసార్లు ఆ పరీక్ష నిజంగనే జరిగి ఉంటది, అందుకే నమ్మబుద్ధి అయితది. పేషెంటుకు అన్నం పెట్టేది, మాత్ర చేతికిచ్చేది, దవాఖానకు తోలుకపోయేది ఎక్కువ ఇండ్లల్ల మన ఆడోళ్లమే. "ఈ కీమో ఆపి ఆ రసం పోద్దామా?" అన్న ప్రశ్న మొదలు మన దగ్గరికే వస్తది. దానికి మన దగ్గర గట్టి జవాబు ఉండాలె.

భువనగిరి నుంచి హైదరాబాద్ రోడ్డు పట్టుకుంటే బీబీనగర్‌ల ఎయిమ్స్ కనబడతది. 2019లో అక్కడ డాక్టరు చదువుల మొదటి బ్యాచ్ మొదలైంది. ఘట్‌కేసర్, ఉప్పల్ దాటినంక హబ్సిగూడల సీసీఎంబీ, తార్నాక దిక్కు ఐఐసీటీ అనే పరిశోధన సంస్థలు ఉన్నయి. దవాఖానకు పోయే మన బస్సు వాటి ముంగటి నుంచే పోతది. కొత్తగ తయారుచేసిన పదార్థాలను క్యాన్సర్ కణాల మీద వేసి చూసుడు ఐఐసీటీ లాంటి సంస్థలల్ల ఎన్నో ఏండ్ల నుంచి నడుస్తున్న పని. ఆ గోడల అవతల జరిగేది మనకు అర్థం కాని మాయేం కాదు. చెప్త వినుండ్రి.

ల్యాబుల పెరిగే క్యాన్సర్ కణాలు ఒకప్పుడు ఏదో ఒక మనిషి ఒంట్ల నుంచి తీసినవే. మూత్రాశయం క్యాన్సర్ మీద పనిచేసేటోళ్లందరికీ తెలిసిన కణాల పేరు టీ24. 1970 దశకం మొదట్ల, స్వీడన్ దేశంల 80 ఏండ్లు దాటిన ఒక ముసలమ్మ మూత్రాశయం గడ్డ నుంచి వాటిని తీసి పెంచిన్రు. ఇప్పటికీ అవి దేశదేశాల ల్యాబులల్ల పెరుగుతనే ఉన్నయి. 1982లో అమెరికాల రాబర్ట్ వైన్‌బర్గ్, మరియానో బార్బాసిడ్, మైకేల్ విగ్లర్ బృందాలు ఆ కణాలల్లనే ఒక జీన్‌ను పట్టుకున్నయి. మనందరి ఒంట్ల మామూలుగ ఉండే జీనే అది. అందుల ఒకే ఒక్క అక్షరం మారితే కణాన్ని క్యాన్సర్ దిక్కు తోస్తదని తేలింది. మనిషి క్యాన్సర్‌ల అసుంటి జీన్ దొరకడం అదే మొదలు. మన బాపమ్మ అసుంటి ఒక ముసలమ్మ ఒంట్ల కణాలు లోకానికి అంత పెద్ద సంగతి చెప్పినయి. ఆ తల్లికి దండం పెట్టాలె. మన దేశంల ఇసుంటి కణాలను భద్రపరిచి ల్యాబులకు పంపే జాతీయ సంస్థ పుణెల ఉన్నది, ఎన్‌సీసీఎస్ అంటరు.

ఇగ పరీక్ష ఎట్ల చేస్తరో వినుండ్రి. కణాలను ప్లాస్టిక్ సీసాలల్ల, గులాబీ రంగు పోషక ద్రవంల పెంచుతరు. మన ఒంటి వేడి ఎంతో అంతే, 37 డిగ్రీలు పెడతరు. బాగ పెరిగినంక 96 చిన్న చిన్న గుంటలున్న పళ్లెంల, గుంటకు కొన్ని వేల కణాల చొప్పున పోస్తరు. అవి అడుగుకు అతుక్కున్నంక మందు కలుపుతరు. ఒక్కో వరుసకు ఒక్కో మోతాదు. పోల్చి చూసేటందుకు కొన్ని గుంటలల్ల మందే వేయరు. 24 గంటలో, 48 గంటలో, 72 గంటలో ఆగుతరు.

తర్వాత ఎంటీటీ అనే పసుపుపచ్చ పదార్థం కలుపుతరు. 1983లో టిమ్ మోస్‌మన్ అనే సైంటిస్టు చూపించిన పద్ధతి ఇది. బతికున్న కణం ఆ పసుపును ఊదా రంగుకు మారుస్తది, చచ్చిన కణం మార్చలేదు. ఆ ఊదా రంగు ఎంత చిక్కగుంటే అంత ఎక్కువ కణాలు బతికున్నట్టు. దాన్ని యంత్రంల పెట్టి కొలుస్తరు. ఏ మోతాదు దగ్గర లెక్క సగానికి పడిపోతదో ఆ అంకెను ఐసీ50 అంటరు. అంకె చిన్నదైతే తక్కువ మందుతోనే పని జరిగినట్టు.

పోచంపల్లిల పట్టు మొత్తం రంగుల ముంచే ముందు చిన్న పోగును ముంచి చూస్తరు. పోగుకు రంగు మంచిగ పట్టిందంటే ముందుకు పోవచ్చని అర్థం. చీర అవతారం ఎత్తాలంటే మాత్రం ఆ పట్టు మగ్గమెక్కాలె, నేయాలె, ఉతికినా రంగు నిలవాలె. పళ్లెంల పరీక్ష విలువ కూడ అంతే. పనికిరాని వేల పదార్థాలను ముందే పక్కన పెట్టి, ఏది ముందుకు తీసుకపోవాలెనో అది చెప్తది. అది లేకుంటే తెలియని ప్రతి మందునూ నేరుగ మనుషుల మీదనే వేసి చూడాల్సి వచ్చేది.

నిజాయితీగల ల్యాబు ఇంకో రెండు పనులు చేస్తది. మొదటిది, అదే మందును మూత్రాశయం మామూలు కణాల మీద కూడ వేసి చూస్తది. బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోసినా క్యాన్సర్ కణం చస్తది, దాని పక్కన మంచి కణం కూడ చస్తది. క్యాన్సర్ కణం చచ్చి మంచి కణం ఎక్కువ శాతం నిలిచినప్పుడే ఆ పదార్థానికి మందు అయ్యే యోగం. రెండోది, తన దగ్గరున్నవి తను అనుకుంటున్న కణాలేనా అని డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటది. ఈజే అనే పేరుతోని వాడిన మూత్రాశయం క్యాన్సర్ కణాలను చాలా రోజులు వేరే మనిషివి అనుకున్నరు. తీర చూస్తే అవి టీ24 కణాలే, ల్యాబుల ఒకదాంట్ల ఒకటి కలిసిపోయినయి.

ఇప్పుడు మన తెలుగు మనిషి ముచ్చట చెప్త. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంల పుట్టిండు. మద్రాసుల వైద్యం చదివి 1922లో అమెరికా పోయిండు, మల్ల తిరిగి రాలేదు. భార్య శేషగిరి ఇక్కడనే ఉండిపోయింది. పెద్ద పెద్ద కనుగొనుడుల వెనుక ఇసుంటి ఆడోళ్ల బతుకులు కూడ ఉంటయి, వాటిని మనం తలుచుకోవాలె. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనల చేరిండు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబుల తయారుచేసింది. కడుపుతోని ఉన్నప్పుడు ఆశా కార్యకర్త తెచ్చిచ్చే ఐరన్ మాత్ర యాదున్నది కదా, అందుల ఐరన్‌తోని పాటు ఉండేది ఈ ఫోలిక్ యాసిడే. కడుపుల బిడ్డ కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై పెరగాలంటే అది కావాలె.

క్యాన్సర్ కణం పెరగాలన్నా అదే కావాలె. చూస్తే ఫోలిక్ యాసిడ్ తీరుగనే ఉండి, కణంల దాని పని సాగనియ్యని పదార్థాలను ఆ బృందం తయారుచేసింది. వాటిల్ల ఒకటి అమినోప్టెరిన్. బోస్టన్ల సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి, 1948లో ఆ ఫలితాలు అచ్చు వేసిండు. కొంతమంది పిల్లలకు జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటిదాక ఆ జబ్బుకు మందే లేకుండె. అదే ఏడాది ఆగస్టుల సుబ్బారావు 53 ఏండ్లకే కన్నుమూసిండు. అదే కుదురుల పుట్టిన ఇంకో మందు మెథోట్రెక్సేట్. 1980 దశకంల న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ దవాఖాన డాక్టర్లు మూత్రాశయం క్యాన్సర్‌కు ఎంవ్యాక్ అనే నాలుగు మందుల కీమో తెచ్చిన్రు. ఆ నాలుగింటిల ఒకటి మెథోట్రెక్సేటే.

మిగిలిన మూడింటి పుట్టుక కూడ వినుండ్రి. వింబ్లాస్టిన్ మన ఇంటి ముంగట పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చింది. ఆ ఆకుతోని షుగర్ తగ్గుతదన్న జనం నమ్మకాన్ని పరీక్షించపోయి, కెనడాల రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ వేరే సంగతి చూసిన్రు. ఎలుకలల్ల తెల్లరక్తకణాలు పడిపోయినయి. ఆ పని చేస్తున్న పదార్థాన్ని వేరుచేసి 1958లో లోకానికి చెప్పిన్రు. డాక్సోరుబిసిన్ ఇటలీ మట్టిల దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది. సిస్‌ప్లాటిన్ కథ ఇంకా విచిత్రం. 1965లో అమెరికాల బార్నెట్ రోజెన్‌బర్గ్ ల్యాబుల బ్యాక్టీరియా ఉన్న ద్రవంల కరెంటు పంపితే, బ్యాక్టీరియా చీలడం మానేసి పొడుగ్గ సాగినయి. కరెంటు మహిమ అనుకున్నరు. ప్లాటినం కడ్డీల నుంచి కరిగి వచ్చిన పదార్థం పని అది అని తర్వాత తేలింది.

ఒక్క మాట గట్టిగ చెప్త. బిళ్లగన్నేరు ఆకు నలిపి రసం ఎవరికీ తాపొద్దు. ఆ ఆకుల పదుల కొద్ది పదార్థాలు ఉన్నయి, వాటిల్ల విషాలు కూడ ఉన్నయి. వింబ్లాస్టిన్ ఒక గ్రాము తీయాలంటే వందల కిలోల ఎండాకు కావాలె. దవాఖానల దాన్ని రక్తపరీక్షలు చూసుకుంట, మోతాదు లెక్కగట్టి నరానికే ఇస్తరు. ఆకు నుంచి మందు వచ్చింది అన్నది నిజం. ఆకు తింటే మందు తిన్నట్టే అన్నది ప్రాణాలమీదికి తెచ్చే మాట.

ఇక పళ్లెం చెప్పలేని సంగతులు చూద్దాం. ఆ గుంటలల్ల కిడ్నీలు ఉండవు. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద భారం వేస్తది, మూత్రాశయం గడ్డ మూత్రం దారిని మూస్తే కిడ్నీలు ముందే నలిగిపోయి ఉంటయి. అందుకే పళ్లెంల ఎంత మంచిగ పనిచేసినా ఆ మందును అందరు పేషెంట్లకు ఇవ్వలేరు. "మా ఆయనకు వేరే మందు ఎందుకు రాసిన్రు, డబ్బులేదనా?" అని కుమిలిపోయే చెల్లెలు ఈ సంగతి డాక్టరును అడిగి తెలుసుకోవాలె. చాలాసార్లు కారణం కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ రిపోర్టుల ఉంటది.

గుంటలల్ల నోరు కూడ ఉండదు. ఎంవ్యాక్ ఇచ్చిన పేషెంట్లకు నోట్ల పుండ్లు లేచేవి, తెల్లకణాలు పడి జ్వరాలు వచ్చేవి. 405 మంది పేషెంట్ల మీద చేసిన ఒక పెద్ద ట్రయల్ 2000లో అచ్చయింది. జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ అనే రెండు మందుల జోడి దాదాపు అంతే ఆయుష్షు ఇచ్చింది, ఆ బాధలు మాత్రం తక్కువున్నయి. ఆ జోడి ఎన్నో దేశాలల్ల వాడకంలకు వచ్చింది. ఆ మేలు కనబడాలంటే మనుషులను అడగాలె, నెలల తరబడి చూడాలె.

పోషక ద్రవం కూడ ఫలితాన్ని మారుస్తది. ల్యాబులల్ల ఎక్కువగ వాడే ద్రవాలల్ల ఫోలిక్ యాసిడ్ మన రక్తంల ఉండేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఫోలిక్ యాసిడ్ పనిని ఆపే మెథోట్రెక్సేట్‌ను ఆ ద్రవంల పరీక్షిస్తే, దాని బలం ఉన్నదానికంటే తక్కువ కనబడే వీలున్నది. టైము సంగతి చూడుండ్రి. గడ్డ పైపొరల్నే ఉన్నప్పుడు మైటోమైసిన్ అసుంటి మందును సన్న గొట్టంతోని నేరుగ మూత్రాశయంల నింపుతరు. ఒకటి రెండు గంటలు ఆపుకున్నంక పేషెంటు మూత్రంతోని అది బయటికి పోతది. పళ్లెంల 72 గంటలు నానబెట్టి చంపిన లెక్క అక్కడ ఎట్ల సరిపోతది? అందుకే తెలివైన సైంటిస్టులు పళ్లెంల కూడ గంట, రెండు గంటలే మందు ఉంచి, కడిగేసి, తర్వాత కణాలు మల్ల లేస్తున్నయా అని చూస్తరు.

పళ్లెం కంటికి ఆనని మందు కూడ ఒకటి ఉన్నది. మన పిల్లలకు పుట్టంగనే జబ్బ మీద వేసే బీసీజీ టీకా తెలుసు కదా. 1976లో కెనడాల అల్వారో మొరాలెస్ అనే డాక్టరు బీసీజీని మూత్రాశయంల నింపితే, పైపొర గడ్డలు మల్ల మల్ల రావడం తగ్గిందని చెప్పిండు. ఇప్పటికీ మల్ల వచ్చే ప్రమాదం ఎక్కువున్న పైపొర క్యాన్సర్‌కు అదే ముఖ్యమైన వైద్యం. అది మన ఒంటి రక్షణ కణాలను లేపి గడ్డ మీదికి పంపుతది. క్యాన్సర్ కణాలు ఒక్కటే ఉన్న గుంటల ఆ సైన్యం ఎక్కడిది? ఉట్టి పళ్లెం మీదనే ఆధారపడితే ఇంత మంచి మందును పారేసుకునేటోళ్లం.

"అయితే అక్కా, మా నాయిన గడ్డ ముక్క తీసి, మందులన్నీ ముందే దాని మీద వేసి చూసి, పనిచేసేదే ఇవ్వొచ్చు కదా?" అని అడుగుతరు. మంచి ప్రశ్న. 1970 దశకం నుంచి సైంటిస్టులు దాని కోసమే కష్టపడుతున్నరు. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో 2004లో, మల్ల 2011లో ఆ పరీక్షలను తూకం వేసి, పరిశోధనల బయట వాటిని చూసి కీమో ఎంచుకోవద్దని చెప్పింది. ఆ ప్రయత్నం ఆగలేదు. 2018లో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీ సైంటిస్టులు పేషెంట్ల మూత్రాశయం గడ్డల నుంచి ఆర్గనాయిడ్లు పెంచి చూపించిన్రు. అవి చదునుగ పరుచుకోకుండ ముద్దలు ముద్దలుగ పెరుగుతయి, గడ్డ గుణాలు ఎక్కువ నిలుపుకుంటయి. రేపు మన పిల్లల కాలానికి అది మామూలు పరీక్ష కావాలెనని నా కోరిక. ఇయ్యాల ఎవరన్న పెద్ద మొత్తం అడిగి ఇసుంటి పరీక్ష చేస్తమంటే, సంతకం పెట్టేముందు మీ క్యాన్సర్ డాక్టరును అడుగుండ్రి.

పళ్లెం దాటిన మందు జంతువుల మీదికి, తర్వాత మనుషుల ట్రయల్స్‌కు పోతది. మొదటి దశల కొద్దిమందికి ఇచ్చి ఎంత మోతాదు తట్టుకోగలరో చూస్తరు. రెండో దశల గడ్డ తగ్గుతున్నదా చూస్తరు. మూడో దశల ఇప్పుడున్న వైద్యంతోని పోలుస్తరు. మన దేశంల జరిగే ట్రయల్స్‌ను రాసిపెట్టే సీటీఆర్ఐ అనే రిజిస్టరు 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి అందుల పేరు నమోదు తప్పనిసరి చేసిన్రు. దాన్ని ఎవరైనా ఫోన్ల తెరిచి చూడొచ్చు. ఇంట్ల పదో తరగతి చదివే బిడ్డ ఉంటే చూపిస్తది.

అందుకే ఫోన్లకు వార్త వస్తే మూడు సంగతులు అడుగుదాం. ఎక్కడ చంపింది: పళ్లెంలనా, ఎలుకలనా, మనిషిలనా? ఎంత మోతాదు, ఎంతసేపు? మంచి కణాలకు ఏమైంది? జవాబు పళ్లెం దగ్గర్నే ఆగితే, అది సైంటిస్టులకు మంచి వార్త, మన పేషెంటుకు ఇంకా మందు కాలేదు. కీమో నడిచేటప్పుడు పసర్లు, కషాయాలు డాక్టరుకు చెప్పకుండ అసలే ఇవ్వొద్దు. కొన్ని లివరు మీద, కిడ్నీల మీద పడి కీమోనే ఆపాల్సి వస్తది.

రసాలు తాగుకుంట పోగొట్టుకునే నెలలల్ల పైపొరల గడ్డ కండరంలకు దిగుతది. అప్పుడు మూత్రాశయంల మందు నింపే వైద్యం సరిపోదు, చాలామందికి మూత్రాశయమే తీసేయాల్సి వస్తది. దీని మొదటి గుర్తు ఎక్కువమందికి నొప్పి లేకుండ మూత్రంల రక్తం పడడం. ఒకసారి ఎర్రగ వచ్చి నెల రోజులు మామూలుగ ఉండొచ్చు. తగ్గిపోయింది కదా అని మొగోళ్లు చెప్పరు. మన ఆడోళ్లమైతే నెలసరి అనుకుంటం, మూత్రంల మంట అనుకొని మల్ల మల్ల అవే గోలీలు మింగుతం. ఆడోళ్లకు ఈ జబ్బు తక్కువగ వస్తది, వచ్చినప్పుడు ఆలస్యంగ బయటపడుతది.

ఈ క్యాన్సర్లల్ల సగం దాక పొగాకు వల్లనే. బీడీ, చుట్ట పొగల విషాలు రక్తంల కలిసి, కిడ్నీల నుంచి మూత్రంలకు దిగి, గంటల తరబడి మూత్రాశయం గోడకు తగులుతయి. రంగుల పని సంగతి కూడ తెలుసుకోవాలె. సుబ్బారావు పుట్టిన 1895లోనే జర్మనీల లుడ్విగ్ రేన్ అనే డాక్టరు, రంగుల ఫ్యాక్టరీల పనిచేసేటోళ్లకు మూత్రాశయం గడ్డలు వస్తున్నయని మొదటిసారి చెప్పిండు. ఆ హాని చేసే బెంజిడిన్ జాతి రంగులను మన దేశంల 1990 దశకంల నిషేధించిన్రు. మన పోచంపల్లి దిక్కు రంగులద్దే అక్కచెల్లెండ్లు భయపడొద్దు. పేరు, కంపెనీ లేని రంగు కొనొద్దు, చేతులకు తొడుగులు వేసుకోవాలె, రంగు కలిపే కాడ అన్నం తినొద్దు.

ఇంట్ల ఎవరికన్న, మీకైనా సరే, మూత్రం ఒక్కసారి ఎర్రగ కనబడినా ఆ వారంల్నే దవాఖానకు పోయి మూత్రం పరీక్ష, స్కానింగ్ చేయించుండ్రి. డాక్టరు దూర్బీన్ పరీక్ష అంటే వెనకాడొద్దు, మూత్రాశయం లోపల చూసేటందుకు అదే దారి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌ల ఎంఎన్‌జే సర్కారు క్యాన్సర్ దవాఖాన ఉన్నది, క్యాన్సర్ వైద్యానికి ఆరోగ్యశ్రీ ఉన్నది. ఫోన్లకు వచ్చిన ఆకు వార్తను కూడ పట్టుకపోయి డాక్టరుకు చూపించుండ్రి, అడిగేటందుకు సిగ్గుపడాల్సిన పనిలేదు. ఆయన జవాబు చెప్పేదాక మాత్రం రాసిన మందు ఒక్క పూట కూడ ఆపొద్దు.